ఒక్క దాడి కావలెను

గడిచిన దాళ్వా పంటలో నాలుగో నంబరు కాలువ మీద ఒక లస్కరును రైతులు నీళ్ళలోకి తోశారు. తోసినవాళ్ళే చెయ్యి అందించి పైకి లాగి, తువ్వాలుతో తల తుడిచి, టీ తాగించి సైకిలెక్కించారు కాబట్టి ఊళ్ళో ఆ సంగతి రెండు రోజుల్లో పాతబడింది. డివిజన్ ఆఫీసులో మాత్రం పాతబడలేదు. కాలువ షట్టర్లకు కాపలా ఉండవలసిన మనిషి కాలువలో ఉండడం సర్వీసు నిబంధనల్లో ఎక్కడా లేదు. ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. కమిటీ నాలుగు నెలలు శ్రమించి, లస్కరు కాలువలో పడుటకు మూలకారణము అతడు తన్ను తాను రక్షించుకొనలేకపోవుటయే అని తేల్చింది.

ఆ నివేదిక బల్ల మీదికి చేరిన వారంలోనే డివిజన్‌కు కొత్త కార్యనిర్వాహక ఇంజనీరు వచ్చారు. ఈఈ త్రివిక్రమరావు గారు ఇంజనీరింగు పని జీతం కోసం చేసినా, పిస్తోలు మాత్రం ప్రేమతో పట్టిన మనిషి. కాలేజీ రోజుల్లో పది మీటర్ల గాలి పిస్తోలు పోటీలో రాష్ట్రస్థాయి కంచు పతకం సాధించారు. ఆ పతకం ఏ ఊరికి బదిలీ అయినా ఆయన బల్ల అద్దం కింద పడుకుని ఆయనతోనే తిరిగేది. నివేదికలో 'రక్షించుకొనలేకపోవుట' అన్న మాట దగ్గర ఆయన ఎర్ర సిరాతో గీత గీశారు. ముప్పై ఏళ్ళుగా తన పతకం ఎదురుచూస్తున్న ప్రజాప్రయోజనం ఆయనకు కనిపించింది.

సర్క్యులర్‌ను సెక్షన్ ఆఫీసు అరుగు మీద లస్కర్లందరినీ నిలబెట్టి ఏఈ హైమవతి చదివి వినిపించింది. ఆమె అసిస్టెంట్ ఇంజనీరు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. చదువుతున్నంతసేపూ కాగితం మీదినుంచి తల ఎత్తలేదు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఒలింపిక్ క్రీడలలో స్థానము పొందిన పది మీటర్ల గాలి పిస్తోలు విద్య ఏకాగ్రతకును, స్థైర్యమునకును, తద్వారా ఆత్మరక్షణకును పరమ సాధనము గాన, ఈ డివిజన్ పరిధిలోని లస్కర్లందరును సదరు విద్యయందు శిక్షణ పొంది, ఆరువందల మార్కులకు పరీక్షింపబడవలెను. గురిపెట్టు సమయమున రెండవ చేయి జేబులో ఉండవలెను. జేబు లేని లస్కర్లు ఎడమచేతిని మొలలోనికి దోపుకొనవలెను."

చిక్కం నూకరాజు తన మొల వైపు చూసుకున్నాడు. అతడికి నలభై తొమ్మిదేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా అదే కాలువ మీద చివరి అయిదు మైళ్ళ బీటుకు లస్కరు. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మార్చి ముప్పై ఒకటిన ముగిసి, ఏప్రిల్ ఒకటిన మళ్ళీ పుట్టేది. ఈ ఏడాది అది పుట్టాలా వద్దా అన్నది సన్నద్ధతను బట్టి నిర్ణయిస్తారని సర్క్యులర్ ఆఖరి పేరాలో ఉంది. అంతవరకూ నవ్వు ఆపుకుంటున్న లస్కర్లు ఆ పేరా దగ్గర నవ్వు మానేశారు.

శిక్షణ లాకుల పక్కనున్న పాత సిమెంటు గోడౌనులో మొదలైంది. నేర్పడానికి జిల్లా కేంద్రం నుంచి సైమన్‌బాబు మాస్టారు వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పిస్తోలు నేర్పి, వాళ్ళలో కొందరిని పెద్ద పోటీలకు పంపిన మనిషి. గోడకు కాగితం, కాగితం మధ్య నల్లటి గుండ్రం, ఆ గుండ్రం మధ్య శనగబద్దంత పది మార్కుల చుక్క. పక్కకు తిరిగి నిలబడాలి. చెయ్యి చాచాలి. ఊపిరి సగం వదిలి ఆపాలి. గురి చూసుకోవడానికి పదిహేను నిమిషాలిస్తారు. ఆ తరువాత అరవై గుళ్ళు కాల్చడానికి గంటంబావు. మొత్తం గంటన్నర.

ఆ గంటన్నరలో గోడౌనులో ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు, కాగితానికీ మనిషికీ మధ్య నడవకూడదు. ప్రపంచంలో ఇంత మర్యాదస్తుడైన శత్రువు ఉంటాడని నూకరాజుకు అంతవరకూ తెలియదు. కాగితం కదలదు, తిట్టదు, వెనకనుంచి రాదు, తనతో బావమరుదుల్ని తీసుకురాదు.

పరీక్షలో పక్క బీటు లస్కరు కాండ్రేగుల వరహాలుకు అయిదు వందల అరవై ఒకటి వచ్చాయి. నూకరాజుకు రెండు వందల పదకొండు. అతడి గుళ్ళలో మూడు వరహాలు కాగితంలో దిగాయి.

అందరూ వెళ్ళిపోయాక నూకరాజు గోడ దగ్గర చితికిన సీసపు గుళ్ళు ఏరుతున్న మాస్టారి దగ్గరికి వెళ్ళి తానూ ఏరడం మొదలుపెట్టాడు.

"మాస్టారండీ, చిన్న సందేవం. ఈ కాగితం ఎప్పుడన్నా మన మీదకొత్తదాండి?"

"రాదయ్యా."

"మరొచ్చేవోడి సంగతేటండి?"

సైమన్‌బాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడు నూకరాజూ, నా ఆట గొప్పదే. నా దగ్గర నేర్చుకున్నవాడికి చెయ్యి వణకదు. వేలు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది. తుపాకి అంటే భయభక్తులు వస్తాయి. అదంతా నిజం. కానీ మీద పడే మనిషిని ఏం చెయ్యాలో ఈ ముప్పై ఏళ్ళలో నేను ఒక్కడికీ నేర్పలేదు. ఎప్పుడు తప్పుకోవాలి, ఎప్పుడు పరిగెత్తాలి, ఎవడితో రెండు ముక్కలు మాట్లాడితే సరిపోతుంది, ఆ పాఠం నా దగ్గర లేదు. మా ఆటలో మనిషివైపు గొట్టం తిప్పితే ఆ నిమిషమే బయటికి పంపేస్తారు."

"ఈ మాట ఈఈ గారికి సెప్పారాండి?"

"చెప్పాను. నా అభిప్రాయము నమోదు చేసుకొనబడినదన్నారు."

శిక్షణ ముగిశాక పిస్తోళ్ళు ఆరింటినీ డివిజన్ ఆఫీసు ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. అవి ప్రభుత్వ ఆస్తి గనుక కాలువ గట్టుకు తీసుకుపోవడానికి వీల్లేదు. లస్కరు గట్టుకు తీసుకుపోవలసింది తాను శిక్షణ పొందినట్టుగా ఇచ్చిన పత్రం. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి మెడలో వేలాడదీశారు. దాడి చేయువారికి తొలుత పత్రమును చూపవలెనని వెనకవైపు అచ్చువేశారు.

పథకానికి మొదటి పరీక్ష వరహాలు బీటులోనే జరిగింది. నీటి వంతు కానివాళ్ళు వచ్చి పక్క తూము ఎత్తమన్నారు. వరహాలు నేర్చుకున్న పద్ధతిలో పక్కకు తిరిగి, ఎడమచెయ్యి మొలలో దోపి, కుడిచెయ్యి చాచి, ఊపిరి సగం వదిలి ఆపాడు. ఆ చాచిన చేతిలో పిస్తోలు లేకపోవడం వల్ల రైతుల్లో ఒకాయన దాన్ని కరచాలనం అనుకుని ఊపాడు. మరొకాయన ఈలోగా షట్టరు తాళంచెవి తీసుకుని తూము ఎత్తేశాడు.

ఈఈ గారు స్వయంగా వచ్చి విచారణ జరిపారు. టేపు పట్టించి కొలిపించారు. దాడి సమయమున రైతుకును లస్కరుకును మధ్య దూరము అరవై రెండు సెంటీమీటర్లు మాత్రమే అని తేలింది. ఆయన ముఖం తేటపడింది. లోపము విద్యయందు లేదు, దూరమునందు కలదు అని అక్కడికక్కడే హైమవతి చేత రాయించారు.

వారం తిరగకుండానే ప్రతి తూము ఎదుటా కాలువగట్టు మీద పది మీటర్ల దూరంలో తెల్లరంగుతో అడ్డగీత గీశారు. తూము గోడకు కాగితపు గురి అంటించారు. కొత్త సర్క్యులర్ వచ్చింది. దాని ప్రకారం లస్కరుపై దాడి చేయదలచిన రైతులు ఏడు-బి నమూనా పత్రమును రెండు ప్రతులలో పూర్తిచేసి లస్కరుకు అందజేసి, రసీదు పొంది, గీత వెనుక నిలువవలెను. లస్కరుకు అంతర్జాతీయ నియమానుసారము పదిహేను నిమిషముల సన్నాహక వ్యవధి ఇవ్వవలెను. అటుపిమ్మట లస్కరు గంటంబావు కాలము, పిస్తోలు చేతనున్నట్లే భావించి, గోడమీది గురివైపు చేయి చాచి అరువదిసార్లు మనసునందు కాల్చవలెను. శత్రువు ఆ స్థైర్యమును చూచి వెనుదిరుగును. సదరు వ్యవధిలో లస్కరును పిలువరాదు, అతడు స్థానము విడువరాదు.

పత్రంలో పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, దాడికి గల కారణము, దాడిచేయువారి సంఖ్య అనే గడులుండేవి. 'గతమున ఏదైన లస్కరును కొట్టియున్నారా' అనే గడి ఎదుట అవును, కాదు అని రెండు చిన్న చతురస్రాలుండేవి.

వరహాలు బీటు రైతులు ఆ పత్రాన్ని మొదట నవ్వుకుంటూ చదివారు. రెండోసారి నవ్వకుండా చదివారు. మూడోసారి చదివినప్పుడు వాళ్ళకు అర్థమైంది. రెండు ప్రతుల మీద సంతకం పెడితే చాలు, గంటన్నరసేపు లస్కరు గోడవైపు చూస్తూ నిలబడతాడు, కదలడానికి వీల్లేదు, పిలిస్తే పిలిచినవాడిదే తప్పు. తూము మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఆ రోజునుంచి వాళ్ళు ఎవరినీ తొయ్యలేదు, తిట్టలేదు. పత్రమిచ్చి, రసీదు తీసుకుని, గీత వెనక ఒక్కణ్ణి మర్యాదగా నిలబెట్టి, మిగతావాళ్ళు పక్క తూములన్నీ ఎత్తుకుని తమకు కావలసినంత నీరు పెట్టుకునేవారు. గంటన్నర కాగానే దించేసి, దాడి గుర్తుగా వరహాలు భుజం తట్టి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవారు.

ఫిబ్రవరి ఆఖరుకు అలా పదకొండు దాడులు జరిగాయి. పదకొండింటిలోనూ లస్కరుకు గీతైనా పడలేదు. ఈఈ గారు ఆ గణాంకాన్ని రంగుల పటంగా గీయించి, పతకమున్న అద్దం కిందనే పెట్టుకున్నారు.

నూకరాజు బీటులో మాత్రం తెల్లగీత మీద గడ్డి మొలిచింది.

అతడి బీటులో రెండు ఊళ్ళు. పైన రావులగరువు, కింద శివారులో చిట్టిలంక. రెండు ఊళ్ళకూ నీటి విషయంలో తాతల కాలంనుంచి పేచీ. నూకరాజు పనిలో చేరిన కొత్తలో అతణ్ణి కూడా రెండుసార్లు కాలువలో వేశారు. రెండోసారి గట్టెక్కి బట్టలు పిండుకుంటూ అతడికి ఒక ఆలోచన వచ్చింది. వంతు మారే రోజున షట్టరు తాను ఒక్కడే తిప్పితే ఏ ఊరివాళ్ళకైనా అనుమానమే. అందుచేత రావులగరువు మనిషినొకణ్ణి, చిట్టిలంక మనిషినొకణ్ణి పిలిచి, ఆ ఇనప చక్రం మీద వాళ్ళ చేతులు వేయించి, తన చెయ్యి కూడా వేసి, ముగ్గురూ కలిసి తిప్పేవారు. గేజీ మీద నీటిమట్టం ముగ్గురూ చూసేవారు. ఏ చుక్క ఎటు పోయిందో ఇద్దరికీ తెలిసిపోయేది గనుక కొట్టడానికి ఎవరికీ సరైన కారణం దొరికేది కాదు. ఇరవై ఏళ్ళుగా ఇదే వాడుక. ఊళ్ళవాళ్ళు మూడు చేతుల తిప్పుడు అనేవారు.

ఈ సంగతి ఈఈ గారి దాకా వెళ్ళి, సంజాయిషీ కోరుతూ నూకరాజుకు మెమో వచ్చింది. గాలి పిస్తోలు వ్యక్తిగత విభాగమునకు చెందిన క్రీడ. అందు పరుల సహాయము నిషిద్ధము. షట్టరు వద్ద ఎడమచేయి మొలలో ఉండవలసియుండగా, అదియు, పరుల చేతులు మరి రెండును చక్రముపై ఏల ఉన్నవి?

నూకరాజు ఆ మెమోను మడిచి ఎడమచెయ్యి ఉండవలసిన చోటే దోపుకున్నాడు.

మార్చి రెండోవారంలో సన్నద్ధతా సూచిక ప్రకటించారు. పరీక్షింపబడని సన్నద్ధత సన్నద్ధతయే కాదు గనుక, గురి పరీక్షలో మార్కులను ఎదుర్కొన్న దాడుల సంఖ్యతో హెచ్చవేసి, ఫలితము రెండువందలు దాటినవారినే కొనసాగించవలెనని ఉత్తర్వు. వరహాలు సూచిక ఆరువేల నూట డెబ్బై ఒకటి. కాలువ మొత్తానికి మొదటివాడు. శాలువా కప్పారు.

హైమవతి ఆ రోజు మధ్యాహ్నం స్కూటరు మీద నూకరాజు తూము దగ్గరికే వచ్చింది. బండి స్టాండు వేయకుండా కాలు ఆన్చి నిలబడింది.

"నూకరాజు గారూ, మీ సూచిక సున్నా."

"రొండొందల పదకొండు మార్కులొచ్చాయి కదండి."

"వచ్చాయి. సున్నాతో హెచ్చవేస్తే సున్నాయే. ఇరవై ఏళ్ళుగా మీ మీద ఒక్క దాడీ లేదు."

"దాడి లేకుండా సూసుకోవడమే కదండీ నా పని."

హైమవతి తాను ఆ మాటే ఫైలు మీద రెండు పేరాలు రాశాననీ, అవి విషయేతరము అని కొట్టివేసి పంపారనీ చెప్పింది. తరువాత గొంతు తగ్గించింది. "నేను చెప్పానని అనకండి. మీకు ఒక్క దాడి చాలు. రెండొందల పదకొండు ఇంటూ ఒకటి. ముప్పై ఒకటిలోగా జరగాలి, పత్రం ఉండాలి, చెయ్యి తగలాలి. సాక్షిగా నేనొస్తాను."

ఆ సాయంత్రమంతా నూకరాజు కాలువగట్టు మీద కూర్చుని తనకు తగిన శత్రువెవరా అని ఆలోచించాడు. ఈ ఉద్యోగం పోతే అతడికి మరో పని రాదు. అంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటుంది. చిట్టిలంక చేలు పొట్టమీదున్నాయి. మరో మూడు తడులు సరిగ్గా అందకపోతే గింజ పట్టదు. కొత్త లస్కరు వచ్చి పత్రాలు తీసుకుంటూ నిలబడితే శివారుకు చేరేది తడి కాదు, రసీదులు.

మర్నాడు పొద్దున్నే రావులగరువు వెళ్ళి ముదునూరి పెదబాబు గారి అరుగు మీద కూర్చున్నాడు. ఆయనకు డెబ్బై దాటాయి. ఊళ్ళో పెద్ద కమతం ఆయనదే. ఇరవై ఏళ్ళ కిందట నూకరాజును రెండోసారి కాలువలో వేసింది ఆయనే.

"ఏరా నూకా, పొద్దున్నే వచ్చావు. నీళ్ళేమన్నా తగ్గాయా?"

"నీళ్ళకేం లేదండి బాబు గారూ. తమరు నన్నోసారి కొట్టాలండి."

పెదబాబు గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. నూకరాజు సూచిక సంగతి మొదటినుంచి చెప్పాడు. ఆయన మధ్యలో రెండుసార్లు ఆపి మళ్ళీ చెప్పించుకున్నారు.

"అంటే నిన్ను కొట్టకపోతే నీ ఉద్యోగం పోతుందంటావు."

"ఆయ్. అంతేనండి."

"ఏం చేశావని కొట్టమంటావురా? కోపం రావద్దూ?"

"పాతది గుర్తు సేసుకోండి."

"పాతదంతా అప్పుడే అయిపోయిందిగా. నువ్వు మా చిట్టిరాజు పెళ్ళికి వచ్చి వడ్డన కూడా చేశావు." ఆయన ఇబ్బందిగా భుజం గోక్కున్నారు. "చిట్టిలంకవాళ్ళనడగలేకపోయావా?"

వాళ్ళనీ అడిగానని నూకరాజు చెప్పాడు. చేలు పొట్టమీదుండగా లస్కరు మీద చెయ్యి చేసుకుంటే అచ్చిరాదని ఆడవాళ్ళు ఒప్పుకోలేదట. కావాలంటే చూడ్డానికి వస్తామన్నారట.

పత్రం పూర్తిచేయడానికి గంట పట్టింది. దాడికి గల కారణము అన్న గడి దగ్గర ఇద్దరూ చాలాసేపు ఆగారు. చివరికి పెదబాబు గారు 'లస్కరు కోరిక మేరకు' అని రాయబోతే నూకరాజు చెయ్యి పట్టుకుని ఆపి, 'నీటి తగాదా' అని రాయించాడు. గతమున కొట్టియున్నారా అన్న ప్రశ్న ఎదుట ఆయన నిజాయితీగా 'అవును' మీద టిక్కు పెట్టారు.

మార్చి ఇరవై తొమ్మిదిన ఉదయం తొమ్మిదింటికి దాడి మొదలైంది. రావులగరువు నుంచి పదిమంది దాడికి వచ్చారు. చిట్టిలంక నుంచి నలభైమంది చూడ్డానికి వచ్చారు, అన్నం క్యారేజీలతో. హైమవతి గడియారం చూసి సంతకం పెట్టింది. ఆ రోజు శివారు వంతు. కాలువలో నీరు నడుముదాకా ఉంది.

గడ్డి పీకి గీత బయటపెట్టారు. పదిమందీ దాని వెనక వరసగా నిలబడ్డారు. నూకరాజు పక్కకు తిరిగి, ఎడమచెయ్యి మొలలో దోపి, గోడమీది కాగితంవైపు ఉత్త చెయ్యి చాచాడు. మొదటి పావుగంట అందరూ గౌరవంగా చూశారు. అరగంటకు దాడివాళ్ళు కూర్చున్నారు. గంటకు పెదబాబు గారికి ఎవరో గొడుగు పట్టారు. చిట్టిలంక వాళ్ళు క్యారేజీలు విప్పి, దాడివాళ్ళక్కూడా పెట్టారు. యాభైమంది చూపూ నూకరాజు చేతి మీదే. అది మెల్లగా కిందికి వాలినప్పుడల్లా ఎవరో ఒకరు, "పైకి బావా, పైకి," అని గుసగుసగా హెచ్చరించేవారు.

నూకరాజుకు కాగితం మీది నల్లటి గుండ్రం తప్ప ఏమీ కనిపించడం లేదు. ఇరవై రెండేళ్ళలో గట్టు మీదుండి గంటన్నరసేపు గేజీవైపు చూడకుండా ఉన్నది అదే మొదలు. ఆ సంగతి నలభయ్యో గుండు దగ్గర అతడికి తోచింది. మెడ తిప్పబోయాడు. హైమవతి తల అడ్డంగా ఊపింది. మెడ తిప్పితే దాడి చెల్లదు.

పదిన్నరకు ఆమె సమయమైందని చెప్పింది. పెదబాబు గారు లేచి, పంచె సవరించుకుని, గీత దాటి వచ్చారు. "ఎటు తోయమంటావురా?" అనడిగారు. నూకరాజు కాలువవైపు చూపాడు. ఆయన రెండు చేతులూ అతడి భుజాల మీద వేసి, బండి ఎక్కించినంత నెమ్మదిగా తోశారు.

నీటి చప్పుడు కాలేదు. మెత్తటి బురద చప్పుడైంది.

నూకరాజు మోకాళ్ళదాకా రొచ్చులో దిగబడి నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. కాలువలో నీళ్ళు లేవు. అడుగున అక్కడక్కడా గుంటల్లో చేపలు కొట్టుకుంటున్నాయి. గట్టు మీద యాభైమందీ ఒక్కసారిగా కాలువలోకి చూశారు. తొమ్మిదింటికి నడుముదాకా ఉన్న నీరు, లస్కరు తన్ను తాను రక్షించుకుంటున్న గంటన్నరలో వెళ్ళిపోయింది.

"పైన కట్టేశారండి," అన్నాడు నూకరాజు. "నేను సూడలేదండి. సూడకుండా నిలబడ్డానండి."

ఎవరూ అతణ్ణి నిందించలేదు. అతడు ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంటుంటే పెదబాబు గారే గట్టునుంచి వంగి చెయ్యి అందించారు. చిట్టిలంక మగవాళ్ళు అప్పటికే మోటారు సైకిళ్ళు తీస్తున్నారు. ఒకడి చేతిలో గునపం ఉంది. రావులగరువు వాళ్ళు కూడా ఎక్కారు. శివారు ఎండితే రేపు తమ వంతూ ఎండుతుందని వాళ్ళకు తెలుసు. తోసినవాడూ, పడినవాడూ ఒకే బండి మీద వెళ్ళారు.

రెండు మైళ్ళ పైన పెద్దతూము దగ్గర వరహాలు నిలబడి ఉన్నాడు. పక్కకు తిరిగి, చెయ్యి చాచి, గోడవైపు గురిపెట్టి. ఆ రోజు అతడిది పన్నెండో దాడి. గీత వెనక ఒక మనిషి గొడుగేసుకుని నిలబడ్డాడు. పక్క తూములన్నీ నిండుగా పారుతున్నాయి. దిగువకు పోయే షట్టరు నేలకు దించి ఉంది. వరహాలు బీటు రైతులు ముప్పైమంది చక్రం చుట్టూ చేరారు. దిగువనుంచి బళ్ళు రావడం చూసి కొందరు కర్రలు తీసుకున్నారు.

ఈ దాడికి పత్రం లేదు, పదిహేను నిమిషాల వ్యవధి లేదు. రెండు గుంపుల మధ్య దూరం పది మీటర్లనుంచి మూడు మీటర్లకు తగ్గింది. వరహాలు కన్ను ఒక్కసారి ఇటు తిరిగి, మళ్ళీ కాగితం మీదికి పోయింది. స్థానం విడవడానికి వీల్లేదు.

నూకరాజు ఆ మధ్యలోకి నడిచాడు. తొడలదాకా బురద. మెడలో పత్రం బురదకు అంటుకుపోయి ఉంది, దాన్ని చూపే ఉద్దేశం అతడికి లేదు. ఎగువ గుంపులో ముందున్న రైతు రంగనాథాన్ని అతడు ఎరుగును. ఆయన చేతిలోనే కర్ర ఉంది.

"రంగనాథం గారూ, తమరి వంతెప్పుడండి?"

"ఎల్లుండి. అయితే ఏంటంట?"

"ఎల్లుండి ఈ చక్రం మీద తమరి చెయ్యుంటది. పక్కన పెదబాబు గారి చెయ్యుంటది, చిట్టిలంకోళ్ళ చెయ్యుంటది. తమరి నీళ్ళల్లో సుక్క తగ్గితే నన్ను కాలవలో ఎయ్యండి, ఈసారి కాయితం కూడా అక్కర్లేదు. ఇయ్యాల మాత్రం చేలు పొట్టమీదున్నాయండి. ఆ కర్ర అలా పెట్టి, ఓ చెయ్యెయ్యండి."

పెదబాబు గారు మెల్లగా నడిచి వెళ్ళి చక్రం మీద చెయ్యివేసి నిలబడ్డారు. డెబ్బై ఏళ్ళ మనిషి వేసిన చేతిని తీసివేయడం ఎలాగో అక్కడున్నవాళ్ళకు తోచలేదు. గునపం పట్టుకున్న చిట్టిలంక వాడు గునపాన్ని నేలలో గుచ్చి, వచ్చి రెండో చెయ్యి వేశాడు.

"ఎల్లుండి నువ్వే రావాలి. ఈ వరహాలొద్దు," అన్నాడు రంగనాథం. కర్ర గోడకు ఆన్చి మూడో చెయ్యి వేశాడు.

షట్టరు కీచుమంటూ లేచింది. నీరు దిగువకు దూకింది. పక్క తూములు ఒకటొకటే దించారు.

అప్పటికి వరహాలు అరవయ్యో గుండు మనసులో కాల్చి చెయ్యి దించాడు. భుజం పట్టేసి మొహం వంకరపోయింది. ఎంతొచ్చిందని ఎవరో అడిగితే, అయిదు వందల డెబ్బై దాకా ఉంటుందన్నాడు.

ఆ రోజు బళ్ళ వెనకే వెళ్ళి రెండు చోట్లా చూసి హైమవతి రాసిన నివేదిక మూడు పేజీలు. మూడు చేతుల సంగతి రెండు పేజీల్లో ఉంది. ఆ రెండు పేజీలూ విషయేతరముగా వెనక్కి వచ్చాయి. మిగిలిన పేజీ ఆధారంగా ఈఈ గారు పై అధికారులకు ఇలా రాశారు: "ఒకే దినమున, ఒకే కాలువపై, ఏకకాలమున రెండు దాడులు సంభవించినను ఏ ఒక్క లస్కరుకును గాయము కాలేదు. మూడవది సంభవింపబోయి ఆగిపోయినది. ఇది పది మీటర్ల గాలి పిస్తోలు శిక్షణ యొక్క ప్రత్యక్ష ఫలితముగా భావింపవచ్చును." నూకరాజు సూచిక రెండు వందల పదకొండుగా ఖరారైంది. వ్యాఖ్యల గడిలో, 'దాడిని తట్టుకొనెను. బట్టలు మార్చుకొనవలసివచ్చెను' అని ఉంది.

ఏప్రిల్ ఒకటిన ఉద్యోగం మళ్ళీ పుట్టింది. పుట్టిన ఉత్తర్వులోనే పథకము సఫలమైనందున వచ్చే ఏడాదికి కనీస సూచికను నాలుగు వందలకు పెంచడమైనది అని కూడా ఉంది.

చిట్టిలంకలో గింజ పట్టింది. కోతలు మొదలైన రోజున నూకరాజు రావులగరువు వెళ్ళి, పెదబాబు గారి అరుగు మీద కూర్చుని, ఉత్తర్వు చదివి వినిపించాడు. ఆయన వేళ్ళ మీద హెచ్చవేసి చూసుకున్నారు.

"అంటే రెండుసార్లు తొయ్యాలి."

"ఆయ్. సార్వాలో ఒకటి, దాళ్వాలో ఒకటి పెట్టుకుందామండి."

"సార్వాది ఊడుపులయ్యాక పెట్టు. ముందయితే మనుషులు దొరకరు." ఆయన గోడ మీది క్యాలెండరు తీయించి పుటలు తిప్పారు. "దాళ్వాది ఫిబ్రవరిలో, మా మనవరాలి పెళ్ళి కాకుండా చూసుకుని. సరేనా?"

"సరేనండి. ఒక్క మాటండి బాబు గారూ. ఆ గంటన్నరా తమరి మనిషొకడూ, చిట్టిలంక మనిషొకడూ గేజీ దగ్గర కూకోవాలండి. నేను ఆత్మరక్షణలో ఉంటాను కదండి, నీళ్ళు సూసేవోడుండడు."